మెకానికల్ వాచీకి క్రోనోమీటర్ సర్టిఫికెట్ అవసరమా? కొనేముందు మీరే తేల్చుకోవడం ఎలా

"కంపెనీ అదే, మోడల్ దాదాపు అదే. ఒకదాని డయల్ మీద క్రోనోమీటర్ అని ఉంది, రెండోదాని మీద లేదు. అంత ఎక్కువ పెట్టి మొదటిదే తీసుకోమంటారా?" మెకానికల్ వాచీ కొనబోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఇంకో రకం వాళ్లు కొన్న వారానికి ఫోన్ చేస్తారు: "సర్టిఫికెట్ ఉన్న వాచీ, అయినా రోజుకి ఆరు సెకన్లు ఫాస్ట్ వెళ్తోంది. మోసపోయానా?" రెండింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీకు కావాల్సింది సరైన టైమే అయితే మెకానికల్ వాచీ జోలికి వెళ్లకండి. బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకి 15 సెకన్ల తేడాలోపే ఉంటుంది. లక్షలు పోసిన మెకానికల్ వాచీ కూడా దానితో పోటీ పడలేదు. లోపల చక్రాలు, స్ప్రింగు తిరుగుతుంటే చూసి ముచ్చటపడే వాళ్లకే మిగతాదంతా.

సర్టిఫికెట్ అసలు ఏం చెబుతుంది?

సిద్ధాంతం ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. స్విస్ వాచీ డయల్ మీద క్రోనోమీటర్ అని ఉంటే, లోపలి మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) సీఓఎస్‌సీ పరీక్ష నెగ్గిందని అర్థం. క్రోనోమీటర్లని పరీక్షించడానికి 1973లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన సంస్థ ఇది. బీల్, లె లోక్ల్, సెంట్-ఇమియేల్లో దీనికి ల్యాబులున్నాయి. ఐఎస్ఓ 3159 ప్రమాణం ప్రకారం ఒక్కో మూవ్‌మెంట్‌ని 15 రోజులపాటు, అయిదు పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తారు. రోజుకి సగటున 4 సెకన్లు స్లో నుంచి 6 సెకన్లు ఫాస్ట్ వరకు పాసు. సగటు ఒక్కటే కాదు, రోజుకీ రోజుకీ మధ్య తేడా, పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ మధ్య తేడా, వేడికి వచ్చే తేడా, అన్నింటికీ హద్దులున్నాయి.

ఇందులో కొనేవాళ్లు గమనించని విషయాలు మూడు.

పరీక్షించేది మూవ్‌మెంట్‌ని మాత్రమే, మీ చేతికొచ్చే పూర్తి వాచీని కాదు. పరీక్ష అయ్యాక దానికి అసలు డయల్, ముళ్లు వేసి, కేసులో బిగించి, ఓడల్లోనో విమానాల్లోనో దేశాలు దాటిస్తారు. 

రెండోది, ఆ 15 రోజులూ వాచీ ఎవరి చేతికీ లేదు. మీరు బండి నడిపేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు, రాత్రి టేబుల్ మీద పెట్టినప్పుడు అది ఎలా నడుస్తుందో ల్యాబుకి తెలీదు. డ్రైవింగ్ లైసెన్సు లాంటిదే ఇదీ: పరీక్ష రోజున పాసయ్యారని చెబుతుంది, ఇవాళ ఎలా నడుపుతున్నారో చెప్పదు.

మూడోది లెక్క. రోజుకి 6 సెకన్లు ఫాస్ట్ అంటే నెలకి 180 సెకన్లు, అంటే మూడు నిమిషాలు. నెలాఖరుకి మూడు నిమిషాలు ముందున్న వాచీ కూడా దర్జాగా సర్టిఫికెట్ వాచీయే. పైన ఫోన్ చేసినాయన మోసపోలేదు.

కావలసినవి

• సెకన్లతో సహా సరైన టైము చూపించే ఫోను. ఆటోమేటిక్ టైము సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. మన దేశ ప్రామాణిక సమయాన్ని నిర్వహించేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. ఇంటర్నెట్‌లో దాని గడియారంతో ఒకసారి పోల్చుకుంటే మీ ఫోను మీద అనుమానం తీరిపోతుంది. గోడ గడియారం, టీవీలో వచ్చే టైము పనికిరావు.
• ఒక నోటుపుస్తకం.
• చిన్న దిక్సూచి. వాచీకి అయస్కాంతం పట్టిందో లేదో చూడడానికి.
• టైమ్‌గ్రాఫర్. వాచీ టిక్కుటిక్కుని మైకులో విని నడకని లెక్కగట్టే యంత్రం. కొనక్కర్లేదు, మంచి షాపుల్లోనూ సర్వీసు సెంటర్లలోనూ ఉంటుంది. అది లేకపోయినా ఈ పద్ధతి నడుస్తుంది, కాస్త ఆలస్యం అంతే.
• మీరు చూస్తున్న మోడల్ పూర్తి నంబరు.

కొనేముందు

1. మూవ్‌మెంట్ పేరు కనుక్కోండి.

డయల్ మీద కంపెనీ పేరుకన్నా లోపల ఏ మూవ్‌మెంట్ ఉందో ముఖ్యం. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు కొడితే క్యాలిబర్, అంటే మూవ్‌మెంట్ పేరు వస్తుంది. షాపువాళ్లు "ఆటోమేటిక్ సార్, జపాన్ మెషీన్" అంటే సరిపోదు. పేరు చెప్పలేని షాపులో, కనీసం ఆ రోజుకి, కొనకండి.

2. ఆ మూవ్‌మెంట్‌కి తయారీదారు ఇచ్చిన హద్దు చూడండి.

సర్టిఫికెట్ లేని వాచీకి కూడా తయారీదారు ఒక హద్దు రాసిస్తాడు. ఎవరూ చదవని ఆ అంకె దగ్గరే అసలు బేరం ఉంది. కొన్ని చెబుతాను. సీకో ఎన్‌హెచ్35 రోజుకి 20 సెకన్లు స్లో నుంచి 40 సెకన్లు ఫాస్ట్. సీకో 6ఆర్35 అయితే 15 స్లో నుంచి 25 ఫాస్ట్. మియోటా 9015కి 10 స్లో, 30 ఫాస్ట్. ఇవి బయటి హద్దులు మాత్రమే, నిజంగా చాలా వాచీలు వీటికన్నా బాగా నడుస్తాయి. కానీ మీది 35 సెకన్లు ఫాస్ట్ వెళ్తే, ఎన్‌హెచ్35 విషయంలో కంపెనీ "సరిగ్గానే ఉంది" అని తిప్పి పంపేయొచ్చు.

స్విస్ మూవ్‌మెంట్లలో ఇంకో మెలిక ఉంది. ఈటీఏ 2824, సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 లాంటివి ఒకే పేరుతో నాలుగు గ్రేడుల్లో వస్తాయి. ఈటీఏలో పై రెండు గ్రేడులైన టాప్, క్రోనోమీటర్‌లలో బ్యాలెన్స్ వీలు (అటూ ఇటూ ఊగుతూ నడకని నిర్ణయించే చక్రం), హెయిర్ స్ప్రింగు (దాన్ని ఊపే సన్నని స్ప్రింగు) దాదాపు ఒకటే రకం. అదనంగా ఉండేది పరీక్ష. కింది గ్రేడుల్లో ఆ భాగాలే వేరు. కాబట్టి "లోపల ఈటీఏనే కదా" అని ఆగిపోకుండా ఏ గ్రేడో అడగండి. చాలా కంపెనీలు చెప్పవు. చెప్పిన కంపెనీకి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ.

3. సర్టిఫికెట్ ఎవరిదో గుర్తుపట్టండి.

అన్నీ ఒకటి కావు. సీఓఎస్‌సీ గురించి పైన చెప్పాను. దానికన్నా గట్టిది మెటాస్. అది స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ. అక్కడ మాస్టర్ క్రోనోమీటర్ కావాలంటే మూవ్‌మెంట్ ముందు సీఓఎస్‌సీ పాసవ్వాలి, ఆ తర్వాత కేసులో బిగించిన పూర్తి వాచీకి మళ్లీ పరీక్ష. రోజుకి 0 నుంచి 5 సెకన్ల ఫాస్ట్ వరకే అనుమతి, స్లో వెళ్లడానికి వీల్లేదు. 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా తట్టుకోవాలి. 2015లో ఒమేగాతో మొదలైంది, 2021 నుంచి టూడర్ కూడా చేయిస్తోంది. రోజూ ఫోను, ల్యాప్‌టాప్, స్పీకర్ల మధ్య బతికే మనకి ఆ అయస్కాంత పరీక్షే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

రోలెక్స్ సీఓఎస్‌సీ తర్వాత తన ఫ్యాక్టరీలోనే పూర్తి వాచీని మళ్లీ చూసి రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ అని హామీ ఇస్తుంది. ఇది బయటి సంస్థ సర్టిఫికెట్ కాదు, కంపెనీ మాట. అయితే అయిదేళ్ల వారంటీ వెనకున్న మాట. గ్రాండ్ సీకో జపాన్‌ది కాబట్టి స్విస్ మూవ్‌మెంట్లకు మాత్రమే ఇచ్చే సీఓఎస్‌సీ దానికి దొరకదు. సొంత ప్రమాణంలో 17 రోజులు, ఆరు పొజిషన్లలో పరీక్షించి 3 స్లో నుంచి 5 ఫాస్ట్ హద్దు పెట్టుకుంది. "సర్టిఫికెట్ లేదు" అని గ్రాండ్ సీకోని పక్కన పెట్టేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. జర్మనీలో గ్లాస్‌హ్యుట్టె అబ్జర్వేటరీలో కూడా కేసులో బిగించిన వాచీనే పరీక్షిస్తారు.

ఓరిస్ సంగతి కూడా చూడండి. 2020లో తెచ్చిన క్యాలిబర్ 400కి సీఓఎస్‌సీ ముద్ర లేదు. కానీ రోజుకి 3 స్లో నుంచి 5 ఫాస్ట్ అని చెప్పి పదేళ్ల వారంటీ ఇస్తోంది. ముద్ర ఉండి రెండేళ్ల వారంటీ ఉన్న వాచీ, ముద్ర లేక పదేళ్ల వారంటీ ఉన్న వాచీ పక్కపక్కన పెడితే నేను రెండోదే తీసుకుంటాను.

4. ధర తేడాని విడదీయండి.

సర్టిఫికెట్ ఉన్న మోడల్‌కీ లేని మోడల్‌కీ మధ్య తేడా అంతా సర్టిఫికెట్‌దే అనుకోకండి. రెండింటి స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. చాలాసార్లు క్రోనోమీటర్ మోడల్‌లో సిలికాన్ హెయిర్ స్ప్రింగు ఉంటుంది, దానికి అయస్కాంతం అంటదు. ఒక్కోసారి గాజు మంచిది, ఒక్కోసారి పవర్ రిజర్వు (ఒకసారి కీ నిండాక నడిచే కాలం) ఎక్కువ. అవి మీకు కావాలా అన్నది వేరే ప్రశ్న. అవన్నీ తీసేశాక మిగిలిన తేడా వాచీ ధరలో పదోవంతు లోపు ఉంటే పెట్టేయొచ్చు. అంతకు మించితే నేనైతే పెట్టను. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే అయిదారేళ్ల తర్వాత వచ్చే సర్వీసింగ్‌కి పనికొస్తుంది.

5. షాపులోనే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించండి.

మోడల్‌ని కాదు, మీ చేతికి ఇవ్వబోయే ఆ ఒక్క వాచీని. అడగడానికి మొహమాటపడొద్దు, ఇంత డబ్బు పెడుతున్నప్పుడు అది మీ హక్కు. ముందు క్రౌన్‌ని (వాచీ పక్కన ఉండే కీ బొడిపెని) 30, 40 చుట్లు తిప్పి కీ నిండా ఇవ్వమనండి. క్రౌన్ స్క్రూ రకమైతే ముందు మర విప్పాలి. తర్వాత మూడు పొజిషన్లు చాలు: డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ కిందికి. ఒక్కోదాంట్లో అర నిమిషం కుదురుకోనిచ్చి అంకెలు చూడండి.

తెర మీద మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది రేటు, రోజుకి ఎన్ని సెకన్లని. మూడు పొజిషన్లలో ఎక్కువకీ తక్కువకీ మధ్య పది సెకన్లలోపు ఉంటే చాలా బాగుంది, ఇరవై దాటితే ఇంకో పీసు చూపించమనండి. రెండోది ఆంప్లిట్యూడ్, బ్యాలెన్స్ వీలు ఎంత దూరం ఊగుతోందో డిగ్రీల్లో. కీ నిండా ఉండి డయల్ పైకి ఉన్నప్పుడు కొత్త వాచీకి 270 నుంచి 310 మధ్య ఉంటే ఆరోగ్యం బాగున్నట్టు. నిలబెట్టినప్పుడు ఓ 20, 40 డిగ్రీలు తగ్గడం మామూలే. మూడోది బీట్ ఎర్రర్, అంటే బ్యాలెన్స్ వీలు అటు ఊగడానికీ ఇటు ఊగడానికీ మధ్య తేడా, మిల్లీసెకన్లలో. 0.6 లోపు బాగుంటుంది, 1 దాటితే బాగాలేదు.

జాగ్రత్త: యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ అని మూవ్‌మెంట్‌ని బట్టి మార్చాల్సిన ఒక సెట్టింగ్ ఉంటుంది, మామూలుగా 52 దగ్గర వదిలేస్తారు. ఎన్‌హెచ్35కి 53, ఈటీఏ 2824కి 50. ఒకటి రెండు డిగ్రీల తేడాకి కొంపలేం మునగవు. కానీ ఒమేగా కో-ఆక్సియల్ మూవ్‌మెంట్లకి 38 పెట్టాలి. మార్చకుండా చూస్తే ఆంప్లిట్యూడ్ అర్థంలేనంత ఎక్కువ చూపిస్తుంది. రేటు మీద మాత్రం ఈ సెట్టింగ్ ప్రభావం ఉండదు.

యంత్రం లేని షాపైతే? ఆన్‌లైన్‌లో కొంటుంటే? తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే కింది పరీక్ష ముగించండి.

కొన్నాక

6. వారం రోజులు రాసుకోండి.

రోజూ ఒకే వేళకి, ఉదయం ఎనిమిదింటికి అనుకోండి, ఫోను పక్కన వాచీ పెట్టి రెండూ కనిపించేలా ఒక ఫోటో తీయండి. కళ్లతో లెక్కపెట్టడం కన్నా ఇది నయం, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. వాచీని సెకనుతో సహా కలపాల్సిన పనిలేదు. తేడా ఎంత ఉందో రాసుకుంటే చాలు. కొన్ని పాత వాచీల్లో క్రౌన్ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, అలాంటివాటికి ఈ పద్ధతే దిక్కు.

సోమవారం 3 సెకన్లు ముందుంది, మంగళవారం 11 సెకన్లు ముందుంది అనుకోండి. ఆ రోజు రేటు 8 సెకన్లు ఫాస్ట్. బుధవారం 18 ఉంటే ఆ రోజుది 7. ఇలా రోజు రేట్లు విడిగా ఒక వరసలో రాయండి. మధ్యలో టైము కలపొద్దు, తేదీ మార్చొద్దు. (తేదీ మార్చాల్సి వచ్చినా రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్యలో క్రౌన్‌తో మార్చకండి. చాలా మూవ్‌మెంట్లలో ఆ వేళ తేదీ పళ్లు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి.)

7. సగటు చూడకండి, చెదురు చూడండి.

చెదురు అంటే రోజు రేట్లు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయన్నది. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఉదాహరణకి రెండు వాచీలు. మొదటిది అయిదు రోజుల్లో 7, 8, 7, 8, 7 సెకన్లు ఫాస్ట్. రెండోది 14 ఫాస్ట్, 9 స్లో, 6 ఫాస్ట్, 11 స్లో, 5 ఫాస్ట్. రెండోదాని సగటు రోజుకి ఒక్క సెకను ఫాస్ట్. మొదటిదాని సగటు 7.4, అంటే క్రోనోమీటర్ హద్దు దాటింది. ఏది మంచి వాచీ?

మొదటిదే. అది కచ్చితంగా నడుస్తోంది, సర్దుబాటు మాత్రం కాస్త ముందుకుంది. దాన్ని మెకానిక్ కాసేపట్లో వెనక్కి జరపగలడు. రెండోదాని సగటు వట్టి కాకతాళీయం. దాన్ని జరపడానికి ఏమీ లేదు. శుభ్రం చేసి, ఆయిల్ వేసి, బ్యాలెన్స్ చూడాల్సిన పని ఉంది. కొత్త వాచీ అయితే తిరిగి ఇచ్చేయాలి. సీఓఎస్‌సీ పరీక్షలో విలువైనది కూడా 4, 6 అనే ఆ రెండు అంకెలు కాదు, ఈ చెదురుని పట్టుకునే మిగతా హద్దులు. అవి ఎవరూ ప్రకటనలో వెయ్యరు.

నా కొలత: రోజు రేట్లలో ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా 5 సెకన్లలోపు ఉంటే సర్టిఫికెట్ లేకపోయినా నిశ్చింత. 5 నుంచి 10 మధ్య అయితే ఈ ధరకి ఇది చాలనుకోవచ్చు. అంతకు మించితే కారణం వెతకాలి.

8. రాత్రి ఏ పక్కకి పెట్టాలో కనుక్కోండి.

పైసా ఖర్చు లేని సర్దుబాటు ఇది. ఒక రాత్రి డయల్ పైకి, ఇంకో రాత్రి డయల్ కిందికి, తర్వాత క్రౌన్ పైకి, క్రౌన్ కిందికి పెట్టండి. పడుకునేముందు, లేచాక తేడా రాసుకోండి. ఏదో ఒక పొజిషన్‌లో స్లో, ఇంకోదాంట్లో ఫాస్ట్ వెళ్లడం కనిపిస్తుంది. పగలు చేతికి 5 సెకన్లు ఫాస్ట్ వెళ్లే వాచీని, రాత్రి 4 సెకన్లు స్లో వెళ్లే పొజిషన్‌లో పెడితే తెల్లారేసరికి ఒక్క సెకను తేడా మిగులుతుంది. ఇది వాచీ వాచీకీ మారుతుంది, కాబట్టి ఎవరో చెప్పిన పొజిషన్ మీ వాచీకి పనిచేస్తుందని అనుకోకండి.

9. అవసరమైతే రెగ్యులేషన్ (నడక సర్దుబాటు) చేయించండి.

నిలకడగా ఉండి, మరీ ఫాస్టో మరీ స్లోనో అయితేనే. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే. బయట మూత తెరిపిస్తే వారంటీ పోతుంది. వారంటీ అయిపోయాక అబిడ్స్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, మీ ఊరి బజారులోనో మెకానికల్ వాచీలు చేసే పాతకాలపు మెకానిక్‌ని పట్టుకోండి. పని చూడడానికి చాలా చిన్నది. వెనక మూత తీస్తే బ్యాలెన్స్ వీలు పైన పలచని మీట ఒకటి, దాని కొస దగ్గర సూది మొనతో గీసినట్టు ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. కంటికి లూప్ (చిన్న భూతద్దం) పెట్టుకుని ఆ మీటని పుల్లతో కదిలీ కదలనట్టు తాకుతాడు. తల వెంట్రుక మందం జరిగితే చాలు, రోజుకి పది సెకన్లు మారిపోతుంది. ఇంట్లో మీరు చేయొద్దు. పక్కనే ఉన్న హెయిర్ స్ప్రింగుకి పుల్ల తగిలిందంటే ఖర్చు వందల్లోంచి వేలల్లోకి వెళ్తుంది.

టైమ్‌గ్రాఫర్ లేకుండా "చూపుతో సెట్ చేస్తా" అనే మెకానిక్ దగ్గర ఆగండి. క్వార్ట్జ్ బ్యాటరీలు మార్చే కౌంటర్ వేరు, మెకానికల్ పని వేరు.

తరచూ జరిగే పొరపాట్లు

అయస్కాంతం పట్టిన వాచీని చెడిపోయిందనుకోవడం అన్నిటికన్నా పెద్దది. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల లెక్కన ఫాస్ట్ వెళ్తుంటే, పదికి తొమ్మిదిసార్లు కారణం ఇదే. ట్యాబ్లెట్ కవరు, ఫోను కవరు, బ్లూటూత్ స్పీకరు, హ్యాండ్‌బ్యాగు బొత్తాం, అన్నిట్లోనూ అయస్కాంతాలున్నాయి. వాచీని దిక్సూచి దగ్గరికి తీసుకెళ్లి మెల్లగా తిప్పండి. సూది గట్టిగా అటూ ఇటూ ఊగితే అనుమానం నిజమే. డీమ్యాగ్నెటైజర్ అనే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. వాచీని దగ్గర పెట్టి, బొత్తాం నొక్కి పట్టుకునే చేయి చాచినంత దూరం మెల్లగా జరిపి, అప్పుడు వదలాలి. దగ్గరుండగానే వదిలేస్తే మళ్లీ అయస్కాంతం పడుతుంది. సర్టిఫికెట్ వాచీ అయినంత మాత్రాన దీన్నుంచి మినహాయింపు లేదు. మెటాస్ వాచీలకి, సిలికాన్ హెయిర్ స్ప్రింగు లాంటివి ఉన్నవాటికి ఆ రక్షణ ఉంది.

కీ చాలకపోవడం ఇంకోటి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల చెయ్యి ఆటోమేటిక్ వాచీకి చాలినంత కదలదు. స్ప్రింగు సగమే నిండి ఉంటే నడక తేడాలొస్తుంది. పరీక్ష పెట్టిన వారం రోజూ ఉదయం ఓ ఇరవై చుట్లు చేత్తో కీ ఇవ్వండి. ఆటోమేటిక్‌లో ఎక్కువైతే స్ప్రింగు జారిపోతుంది, ఏమీ కాదు. చేత్తో మాత్రమే కీ ఇచ్చే వాచీలో, నాన్నగారి హెచ్ఎంటీ జనతా లాంటివాటిలో, గట్టిగా తగిలాక ఆపేయాలి.

క్రోనోమీటర్‌ని క్రోనోగ్రాఫ్ అనుకుని కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండోది స్టాప్‌వాచ్ సౌకర్యం, పక్కన బొత్తాలు ఉంటాయి. కచ్చితత్వానికి సంబంధం లేదు.

ఇంకొందరు కొన్న రెండో రోజే లెక్కలు మొదలుపెట్టి కంగారుపడతారు. కొత్త వాచీ నడక కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. తిరిగి ఇచ్చే గడువు తక్కువైతే చెదురు మాత్రం చూడండి, సగటు గురించి తర్వాత చూసుకోవచ్చు. ఎండాకాలంలో వాచీని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి ఆ రోజు లెక్క రాసుకోవడంలో అర్థం లేదు. ల్యాబు పరీక్షే 38 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మన మే నెలలో మూసి ఉన్న కారు దాన్ని దాటి ఎక్కడికో వెళ్తుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే

పాత సర్టిఫికెట్ చూసి ధర పెంచనివ్వకండి. పదిహేనేళ్ల కిందట పాసైన మూవ్‌మెంట్‌లో ఆయిల్ ఎండిపోయి ఉంటే ఆ కాగితం సేకరణకి పనికొస్తుంది, టైముకి కాదు. సీఓఎస్‌సీ పాసైన ప్రతి మూవ్‌మెంట్ మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. కాగితం మీది నంబరు, మూవ్‌మెంట్ మీది నంబరు ఒకటేనా అని మూత తీయించి చూడండి. సర్వీసు బిల్లు ఉందా అడగండి. నా లెక్కలో, నిరుడు చేయించిన సర్వీసు బిల్లు పాత సర్టిఫికెట్ కన్నా విలువైనది.

మన దగ్గర ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే పాత హెచ్ఎంటీలు, పాత స్విస్ వాచీల్లో చాలావాటి డయళ్లు కొత్తగా పెయింట్ వేసినవి. డయల్ మీద ఏం రాయాలన్నది అప్పుడు పెయింటర్ చేతిలో ఉంటుంది. అక్షరాల అంచులు లావుగా, వంకరగా ఉంటే, రంగు మరీ కొత్తగా మెరుస్తుంటే వదిలేయండి. హెచ్ఎంటీ 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టి తరాలకి టైము చూపించింది. బాగా సర్వీసు చేసిన పాత హెచ్ఎంటీ రోజుకి అర నిమిషం లోపు తేడాతో నడిస్తే సంతోషించండి, అంతకన్నా అడగకండి.

ఇంతకీ ఎవరు తీసుకోవాలి?

ఉన్నది ఒక్కటే వాచీ, రోజూ పెట్టుకుంటారు, టైము కలపడం చిరాకు: తీసుకోండి, వీలైతే పూర్తి వాచీని పరీక్షించిన రకం. కొన్నేళ్లకి అమ్మేసి ఇంకోటి కొనే అలవాటుంది: కాగితాలు, డబ్బా అన్నీ ఉంటే అమ్మేటప్పుడు అడిగేవాళ్లు ఎక్కువ ఉంటారు, కాబట్టి తీసుకోవచ్చు. నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకుంటారు: అనవసరం. ఆగిపోయిన వాచీని మళ్లీ కలపడమే మీ పని, రోజుకి మూడు సెకన్ల తేడా మీ కంట పడదు. ఆదివారం ఒక్కరోజు పెట్టుకునే పెద్దాయనకి బహుమతి: అస్సలు వద్దు, ఆ డబ్బుతో మంచి స్ట్రాప్ కొనండి. అమెరికా నుంచో దుబాయ్ నుంచో ఎవరితోనైనా తెప్పించుకుంటుంటే సర్టిఫికెట్ కన్నా ముందు వారంటీ మన దేశంలో చెల్లుతుందా, దగ్గర్లో సర్వీసు సెంటర్ ఉందా అన్నది కనుక్కోండి. బిల్లు తప్పకుండా దాచుకోండి.

వారంటీలో ఇస్తున్నప్పుడు

"ఫాస్ట్ వెళ్తోంది" అని నోటితో చెప్పి ఇస్తే రెండు వారాల తర్వాత "చెక్ చేశాం, నార్మల్" అని తిరిగొస్తుంది. అలా కాకుండా మీ నోటుపుస్తకం పేజీ జిరాక్స్ తీసి జత చేయండి. జాబ్ కార్డు మీద ఇవి రాయించండి: రోజుకి ఎన్ని సెకన్లు, చేతికి పెట్టుకున్నప్పుడా టేబుల్ మీదా, కంపెనీ ఇచ్చిన హద్దు ఎంత. క్రోనోమీటర్ అయితే 4 స్లో, 6 ఫాస్ట్ అనే అంకెలు మీరే రాయించండి. పని కాకముందు, అయ్యాక టైమ్‌గ్రాఫర్ రీడింగులు ఇవ్వమని అడగండి. సున్నా దగ్గర కాకుండా రెండు మూడు సెకన్లు ఫాస్ట్ వైపు ఉంచమనండి. ఆయిల్ పాతబడేకొద్దీ నడక మారుతుంది, పైగా స్లో వెళ్లే వాచీ వల్ల బస్సు తప్పుతుంది, ఫాస్ట్ వెళ్లే దానివల్ల తప్పదు. తిరిగొచ్చాక పైన ఆరో మెట్టు దగ్గర్నుంచి మళ్లీ ఒక వారం.